చుక్కల మీద రంగు

హలో… ఆ, నేనే అమ్మా… ఇప్పుడే షెడ్డుకొచ్చా. జ్వరం తగ్గిందిలే… ఏంటా హోరు, ఎక్కడున్నారు?… కొండ మీదా?… జీపులోనా?

నాన్నకంటే వయసులో పెద్దది, దాన్నేసుకుని కొండెక్కారా… ఉండుండు. అసలెలా కదిలింది? రెండో గేర్‌బాక్స్‌ని మోసే బ్రాకెట్ ఇంకా అవ్వలేదుగా. బల్ల మీదే పెట్టి వెళ్ళా… ఇక్కడ లేదేంటి…

బాబాయ్ రంగేసి బిగించేశాడా…

అమ్మా, దానికి వెల్డింగ్ పూర్తి కాలేదు. కొలత కుదిరిందో లేదో చూద్దామని నాలుగు చోట్ల చుక్కలు పెట్టి అంటించా, అంతే. అతుకంతా ఇంకా వెయ్యాలి. ఈలోపు జ్వరమొచ్చి పడ్డా… రంగేస్తే అయిపోయినట్టే కనిపిస్తుంది మరి. బాబాయ్‌ని తర్వాత తిడుదువుగాని. ఇప్పుడు ఎక్కుతున్నారా, దిగుతున్నారా?

…దిగుతున్నారా.

లేదు, గొంతుకేం కాలేదు… సరే, భయమేస్తోంది. ఫోన్ నాన్న చెవి దగ్గర పెట్టు.

నాన్నా, రెండో గేర్‌బాక్స్‌ది ఆ చిన్న లివర్ ముట్టుకోకు… తెలుసు, దిగుడులో బరువు గేరే వెయ్యాలి, నువ్వే నేర్పావు. ఇవాళ వద్దు. లాగుడంతా బ్రాకెట్‌కి నేను పెట్టిన వెల్డింగ్ చుక్కల మీదే పడుతుంది… విరిగితే గేర్‌బాక్స్ రోడ్డు మీదకి జారుతుంది. మెల్లగా బ్రేకు నొక్కుతూ పక్కకి తీసి ఆపు… ఎన్ని కొండలు దిగావో నాకు తెలుసు నాన్నా. దండం పెడతా, ఆపు.

…అమ్మా? ఆగిందా?… నిజంగా?… హమ్మయ్య. ముందు దిగు… నాన్నేడి?

బండి కిందా… ఎందుకు… బ్రాకెట్ చూద్దామనా… చక్రాలకి రాళ్ళు పెట్టారా?… హ్యాండ్ బ్రేకు సరిపోదమ్మా. ఆ జీపుకి హ్యాండ్ బ్రేకు పట్టేదే ఆ రెండో గేర్‌బాక్స్ మీద. అది జారితే బండి కదిలిపోతుంది. బయటికి రమ్మను… చెప్తే వినడు, తెలుసు. కాళ్ళు పట్టుకుని లాగు. ఫోన్ పడేసి లాగమ్మా.

అమ్మా…

అదేం చప్పుడు… అమ్మా…

ఎవరో ఒకరు మాట్లాడండి… నాకు భయంగా ఉంది… నాన్నా…

…నాన్నా. నువ్వేనా… అమ్మో… అమ్మ లాగేసిందా… వీపు గీరుకుంటే గీరుకోనీ. అమ్మ బాగుందా?… కింద రోడ్డు మీద ఎవరూ లేరుగా?… జీపు చెట్లలోకి పోయిందా…

పోతే పోయింది… తెలుసు, ఒక్కో బోల్టూ నీ చేత్తో వేసుకున్నావు. తెలుసు నాన్నా… ఏడవకు… నేనేం ఏడవట్లేదు… సరే, ఏడుస్తున్నా.

అమ్మేం చేస్తోంది?… నీ చొక్కా వదలట్లేదా… వదలమనకు. అలాగే కూర్చోండి ఇద్దరూ. నేనొచ్చేస్తున్నా… పెట్టేస్తున్నా.