ఎనభై మీద ఆగిన ముల్లు

ఆళ్లగడ్డ అవతల దిగుడులో చెట్టును గుద్దిన పాత జీపును రిటైరైన టీచరమ్మ ఒకామె తుక్కు ధరకు కొని, నంద్యాలలోని మెకానిక్ షెడ్డుకు తెప్పించింది. అందులో చనిపోయిన డ్రైవరు ఆమె తమ్ముడు.

“బండి కదలకుండా ఉంటే స్పీడు ముల్లు ఎనభై మీద నిలబడిందేందమ్మా?”

“అదే సాక్ష్యమన్నాడు అప్పటి జీపు యజమాని. డీజిలు మిగిలించుకోవడానికి మా తిమోతి న్యూట్రల్‌లో వేసి ఎనభైలో దించాడట. సమాధి దగ్గర పాస్టరు కూడా తొందరపాటు గురించే ప్రసంగించాడు. నువ్వు విప్పి చూసి నిజం చెప్పు.”

“ముల్లు కేబులు ఎప్పుడో తెగింది, అంతా తుప్పే. చెట్టును గుద్దిన పొద్దుకు ముందు నుంచే ఇది ఆడే ఉండాది.”

“మరి గేరు?”

“మూడో గేరు పళ్లు అరిగినాయి. దిగుడులో దానంతటదే న్యూట్రల్‌లోకి ఎగురుతాది. అందుకే లివరును తాడుతో సీటుకు కట్టి తోల్తారు. కట్టినా ఒక్కోసారి నిలవదు.”

“లివరుకున్న ఈ ముక్క ఆ తాడేనా? దీని నిండా నెత్తురు మరక. కోసిన అంచు మాత్రం తెల్లగా ఉంది. అంటే, వాడు పోయిన తర్వాత గేరు లోపం బయటపడకుండా ఎవరో కోశారు.”

“ఆ ముడి నాదేనమ్మా. గేర్‌బాక్సు మార్చమంటే ఓనరు వద్దన్నాడు. తిమోతన్నే నాతో కట్టిచ్చుకున్నాడు. కండ్లు మూస్తే ఆ ముడే కనపడతాంది.”

“మరి ఇన్నాళ్లూ నీ నోటికి ఎవరు కట్టారప్పా తాడు?”

“ఆ ఓనరు బండ్లన్నీ రిపేరుకు ఈడికే వస్తాయమ్మా.”

“ఇకమీదట రావులే. చేతులు కడుక్కోవద్దు. ఆ గ్రీజుతోనే పోలీసు స్టేషనుకు పద.”