పొగమంచులో కూత

ఒకప్పుడు అడవి దుంగలు మోసిన బుల్లి ఆవిరి రైల్లో శనివారం టూరిస్టులు ఎక్కుతున్నారు. కొండంతా పొగమంచు. చివరి పెట్టె మీద చేతి బ్రేకు చక్రం పట్టుకుని నిలబడ్డ తండ్రి దగ్గరికి కూతురు ఎక్కింది.

“ఈ ఇంజన్ కూత విని ఓసారి ఎలుగుబంటి నోరు తెరిచిందే తల్లీ. దాని నోట్లోని చేప ఏట్లో జారిపడి, నాకు థాంక్యూ చెప్పి మరీ ఈదుకుంటూ పోయింది.”

“నువ్వు విన్నావా నాన్నా, ఆ కూత?”

“వినకపోతే ఈ చక్రం నా చేతికిస్తారా? కొండ దిగేటప్పుడు డ్రైవర్ ఒక కూత వేస్తే బిగించాలి, రెండేస్తే వదలాలి.”

“హియరింగ్ టెస్ట్‌లో డాక్టర్ ఏమన్నారు?”

“చెవిలో గులిమి పేరుకుందన్నాడు.”

“నాతో వేరే చెప్పారు. నువ్వు నా లిప్స్ చూసి ఆన్సర్ చేస్తున్నావ్. కూతతో పాటు ఇంజన్ మీద స్టీమ్ లేస్తే, అది చూసి బ్రేక్ వేస్తున్నావ్.”

“రిటైరయ్యాక నాకు మిగిలింది ఇదొక్కటేనే. ఆవిరి ఎప్పుడూ మోసం చెయ్యలేదు.”

“ఈరోజు స్టీమ్ ఏదో, ఫాగ్ ఏదో చూపించు.”

ఆయన ఇంజన్ వైపు తిరిగి కళ్ళు చికిలించాడు. కూతురు ఆయన వీపు వెనకే నిలబడింది.

“నాన్నా, పెట్టెల నిండా పిల్లలున్నారు. నా మాట వినిపిస్తే ఇటు తిరుగు. ప్లీజ్.”

“ఎలుగుబంటి కథ వాళ్ళకీ చెప్పాలివాళ,” అన్నాడాయన మంచులోకి చూస్తూనే.

ముందు నుంచి కూత లేచింది. పిల్లలందరూ చెవులు మూసుకున్నారు.

“డ్రైవర్ ఇంకా కూత వెయ్యడేంటే?”

కూతురు చక్రం మీది ఆయన వేళ్ళను ఒక్కొక్కటే విడదీయసాగింది.