ఆవులకు కట్టిన ఇల్లు

న్యూజీలాండ్ ఉత్తర కొస, హోకియాంగా తీరం. 1943 జూన్, చలికాలం. ఆవుల కోసం కట్టిన కొత్త షెడ్డు గుమ్మంలో రోకా అడ్డంగా నిలబడి ఉంది. ఎదురుగా ఆమె ఆడబిడ్డ కొడుకు తామిహానా, మావోరీల పొలాల కోసం సర్కారు పెట్టిన పథకంలో సూపర్‌వైజరు.

"అడ్డు తప్పుకో అత్తా, లోపల చూడాలి."

"చూసేదేముంది? కట్టించింది నువ్వేగా. నాలుగు గోడలు, పైన రేకు. ఎక్కడికీ పోలేదు."

"లోపల పక్కలు పరిచావట."

"ఎవడు చెప్పాడు?"

"ఎవడైతేనేం? పరిచావా, లేదా?"

"ముందు ఆ ఫైలు కింద పెట్టు. మేనమామ ఇంటికొచ్చి, ముక్కుకి ముక్కు ఆనించి పలకరించకుండానే ఆరాలు తీస్తున్నావ్. మీ అమ్మ నేర్పింది ఇదేనా?"

"నేను ఆఫీసు పని మీద వచ్చాను అత్తా."

"అయితే? ఆఫీసుకి ముక్కుండదా?"

"సరే, ఇదిగో. అయిందా? ఇప్పుడైనా..."

"టీ తాగు ముందు. రేషను టీయే, పల్చగా ఉంటుంది."

"ఇలా ఇవ్వు, లోపల కూర్చుని తాగుతా."

"వద్దొద్దు. తినేదీ తాగేదీ అంతా బయటే. లోపలికి తీసుకెళ్ళకు."

"ఎందుకని?"

"ఎందుకంటే ఎందుకే. తాగి గ్లాసు ఇక్కడ పెట్టు."

"ఇదేంటి అత్తా! ఆవుల కట్టుకొయ్యలకి పిల్లల బట్టలు ఆరేశావ్!"

"మరెక్కడ ఆరెయ్యను? ఆ పాత గుడిసెలోనా? అక్కడ తడిబట్ట ఆరడం అటుంచు, పొడిబట్ట తడుస్తుంది."

"ఎనిమిది ఆవులకని కట్టిన దాంట్లో ఐదుగురు పిల్లల్ని పెట్టావా?"

"ఇంకా చోటు మిగిలింది. ఆవులు కాస్త ఒళ్ళున్న మనుషులు."

"నవ్వులాట కాదు అత్తా."

"నేనూ నవ్వడం లేదు. ఇంటికోసం మూడుసార్లు అర్జీ పెట్టాను. ఏమన్నారు మీవాళ్ళు? రేకు లేదు, సిమెంటు లేదు, మేకు లేదు, యుద్ధం అయ్యాక చూద్దాం. అదే ఆవులకనేసరికి అన్నీ లారీలో దిగాయి. నీళ్ళు కాచే కాగుతో సహా! ఆవు వేణ్ణీళ్ళు పోసుకుంటుందా?"

"అది పాల క్యాన్లు కడగడానికి."

"నేను పిల్లల్ని కడుగుతున్నా. కాగేమైనా అరిగిపోయిందా?"

"నీకు చెప్పినా అర్థం కాదు. ఇక్కడి వెన్న ఇంగ్లండుకి వెళ్ళాలి. అక్కడ జనం..."

"వెళ్ళనీ! నేనొద్దన్నానా? పోయిన ఏడు ఈ లోయలో అందరికంటే ఎక్కువ మీగడ పంపిందెవరు? మీ మామయ్య ఎడారిలో తుపాకీ పట్టుకుని కూర్చుంటే, ఈ రెండు చేతులతో పితికాను. నా వెన్న కావాలి, నా మొగుడు కావాలి. నా పిల్లలకి మాత్రం కప్పు అక్కర్లేదు. అంతేనా?"

"నేనన్నానా ఆ మాట?"

"నువ్వనలేదు. నువ్వు కాగితం మోసుకొచ్చావ్."

"సరే, విను. ఇప్పుడు ఆవులు ఒట్టిపోయి ఉన్నాయి కాబట్టి నేను కళ్ళు మూసుకుంటా. ఆగస్టులో ఈనుతాయి. ఆగస్టు ఒకటో తారీఖుకి షెడ్డు ఖాళీగా ఉండాలి."

"లేకపోతే?"

"లేకపోతే పొలం మీద మీ పేరు కొట్టేసి ఇంకొకరికి ఇస్తారు. నేను బెదిరించడం లేదు అత్తా. పైనుంచి వచ్చింది. ఇదిగో, చూడు."

"ఇంకొకరికా? మా పొలమా? నువ్వు పుట్టినప్పుడు నీ మాయ పాతిపెట్టింది ఆ గేటు పక్కనే, తెలుసా నీకు? దాన్నెవరికిస్తారో కూడా ఆ కాగితంలో రాశారా?"

"తెలుసత్తా, తెలుసు. అందుకే కదా ఇంకెవర్నీ పంపకుండా నేనే వచ్చాను... ఆగాగు. ఆ మూల దుప్పట్లో ఎవరు?"

"ఎవరూ లేరు."

"తాత కదూ! తాతని ఇక్కడికెందుకు తెచ్చావ్?"

"నేను తేలేదు. ఆయనే వచ్చాడు, నిన్న."

"నడిచా? ఆ గుండెతోనా?"

"పక్కతో సహా నలుగురి చేత మోయించుకుని. ఇంక వారాలే అన్నాడు డాక్టరు."

"అయ్యో... నాకు కబురు పెట్టలేదేం? ఓ, ఇప్పుడర్థమైంది. పాత ఆచారం కదా ఇది? పోయే మనిషిని ఇంట్లోంచి బయట పందిట్లోకి మార్చడం, ఇల్లు మైలపడకుండా. ముందే చెప్పొచ్చు కదా అత్తా! సైన్యం వాళ్ళ టెంటు ఒకటి తెప్పిస్తా. రేపే వేయించి తాతని అందులోకి..."

"నీకేం అర్థం కాలేదు."

"ఏం అర్థం కాలేదు?"

"ఆయన్నే అడుగు. నేను వద్దన్నాను. కాళ్ళు పట్టుకుని ఏడ్చాను కూడా. వింటేగా మీ తాత!"

"తాతా, నేను. తామిహానాని."

"వింటూనే ఉన్నా. చెడింది గుండె, చెవులు కావు. ఏదీ, నీ ముక్కు ఇలా తీసుకురా... ఆఁ. చల్లగా ఉందిరా నీ మొహం. ఇప్పుడు చెప్పు. టెంటంటున్నావ్?"

"మంచి టెంటు తాతా. వెచ్చగా ఉంటుంది."

"వెచ్చదనం కోసం రాలేదురా ఇక్కడికి. పోదామని వచ్చాను."

"అలా మాట్లాడకు. అయినా ఇది పాలు పితికే చోటు తాతా! నువ్విక్కడ..."

"ఊఁ, నేనిక్కడ?"

"అదే... ఇక్కడ పోతే..."

"పోతే ఏమవుతుందిరా? చెప్పు. నువ్వు మనవాడివేగా, దొరవి కావుగా."

"చావు పడ్డ చోట తిండి వస్తువు ముట్టం."

"ఆఁ. మరి నేను కన్నుమూసిన కప్పు కింద పితికిన పాలు, నువ్వు తాగుతావా?"

"తాతా..."

"తాగుతావా?"

"తాగను."

"నీ పెళ్ళాం తాగుతుందా? ఈ లోయలో బకెట్టు పట్టుకుని ఇక్కడ కూర్చునే మనిషి ఒక్కరున్నారా?"

"లేరు."

"గట్టిగా చెప్పు, మీ అత్తకి వినపళ్ళేదు."

"ఎవరూ కూర్చోరు! సరేనా? మరి పిల్లల సంగతి ఆలోచించావా? వాళ్ళూ ఉండకూడదుగా ఇక్కడ?"

"ప్రార్థన చేయించి, మైల పోయేలా ఇల్లంతా అందరి చేతా తొక్కించి, ఊరందరికీ భోజనం పెడితే మనుషులు మళ్ళీ ఉండొచ్చురా. మా అమ్మ పోయిన ఇంట్లోనే మేం పెరగలేదూ? మనుషుల ఇంటికి దారుంది. పాలు పితికే చోటుకి లేదు. నా మాట తప్పైతే చెప్పు."

"తప్పని ఎలా అంటాను!"

"చూశావా అత్తని? మళ్ళీ ఏడుస్తోంది. ఏయ్ రోకా, ఊరుకో. గుడిసెలో చినుకులు మొహాన పడుతూ పోవడం కంటే ఇదే నయం. ఇంత మంచి కప్పు కింద నేనెప్పుడూ పడుకోలేదు."

"అది కాదు మామయ్యా. షెడ్డు కోసం నిన్ను పోగొట్టుకుంటానా నేను?"

"షెడ్డు వల్ల పోతున్నానా ఏంటి? ఎలాగూ పోయేదే. ఆ పోయేదేదో పనికొచ్చే చోట పోతాను."

"మరి ఆవులు? ఆగస్టులో ఎక్కడ పితుకుతారు తాతా?"

"పిచ్చోడా, ఆవులకేం తక్కువ! వాటికి రేకు దొరుకుతుంది, సిమెంటు దొరుకుతుంది, మేకులు దొరుకుతాయి. ఇంగ్లండుకి వెన్న కావాలిగా! పరుగెత్తుకొచ్చి రెండో షెడ్డు కడతారు. దీనికంటే బాగా కడతారు."

"దొరకి నేనేం చెప్పను ఇదంతా?"

"ఉన్నది ఉన్నట్టు చెప్పు. ముసలాడు అడ్డం పడుకున్నాడని రాయి."

"నా ఉద్యోగం పోతుంది."

"పోతే రా. ఆవులు పితకడం మీ అత్త నేర్పుతుంది."

"తాతా, నా మాట విను. నువ్వు గుడిసెలోకి వచ్చెయ్. నేను పట్నం వెళ్ళి దొర కాళ్ళైనా పట్టుకుంటా. ఆగస్టు ఒకటని రాసిందాన్ని అక్టోబరు దాకా జరిపిస్తా. ఈలోగా ఏదో ఒకటి..."

"ఎవడి కాళ్ళూ పట్టుకోకురా. వాళ్ళిచ్చిన గడువే ఎక్కువ. ఆగస్టు దాకా కూడా అక్కర్లేదు నాకు."