ప్రొఫెసరు చేతిలో తెడ్డు

వుకోసావ పెరట్లో రాగి కాగు కింద మంట అంటుకుందంటే చాలు, ఆ ఊళ్లో ఎవరికీ ఇంట్లో కాలు నిలవదు. అక్టోబరు వచ్చేసరికి ప్లమ్ చెట్లు ఖాళీ అయిపోతాయి. పండ్లన్నీ పీపాల్లోకి చేరి, పులిసి, బుసబుసలాడుతూ తమ వంతు కోసం ఎదురుచూస్తుంటాయి. ఆ గుజ్జును కాగులో కాచి, ఆవిరిని గొట్టంలోకి పంపి, చుక్క చుక్కగా రాకియా అనే సారా దించడం సెర్బియా కొండల్లో చాలాచోట్ల మగవాళ్ల పెత్తనం. ఈ ఊళ్లో మాత్రం కాగు వుకోసావది, మాట కూడా వుకోసావదే. భర్త చనిపోయిన ఏడాది ఆమె తెడ్డు పట్టింది. ఆ తర్వాత ఆమెను పక్కకు జరగమనే ధైర్యం ఎవరికీ రాలేదు.

ఆ పెరట్లో ప్రొఫెసరు టిహోమిర్‌కు ఉన్న చోటు ఒక ముక్కాలిపీట. బెల్‌గ్రేడ్‌లో నలభై ఏళ్లు పాఠాలు చెప్పి, ఈ ఊళ్లో రెండు ప్లమ్ చెట్లున్న చిన్న ఇల్లు కొనుక్కుని వచ్చాడు. ఆయన చదివిందీ చెప్పిందీ సంస్థల శాస్త్రం. పదిమంది కలిసి ఒక పని చేస్తుంటే అది ఎలా సాగుతుంది, ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది అని ఆరా తీసే చదువది. చదువు మంచిదే. కానీ కాగు దగ్గర ఆయన్ను ఎవరూ వేలు పెట్టనివ్వలేదు. ప్రతి ఏడూ పీట మీద కూర్చుని అందరూ పని చేస్తుంటే చూడటం, చూస్తూ మాట్లాడటం, ఇంతే.

ఈ ఏడు మాత్రం వుకోసావ ఏమనుకుందో ఏమో, పొడుగాటి తెడ్డు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"వినవయ్యా ప్రొఫెసరూ. గుజ్జు వేడెక్కి నేను మూత పెట్టేదాకా తెడ్డు ఆగకూడదు. ఆగిందా, అడుగంటుతుంది. అడుగంటితే ఆ మాడు వాసన రాకియాను వదలదు. ఇది సెయింట్ నికోలా పండక్కి మా ఇంటికొచ్చే వాళ్లకు పోసేది. మా ఇలవేల్పు ముందు నా పరువు తియ్యకు. సరిగ్గా తిప్పావో, వచ్చే ఏటి నుంచి కాగు పనిలో నీకూ ఒక వంతు. లేదా, నీ పీట నీకుండనే ఉంది."

"వదినా, నువ్వు నిశ్చింతగా ఉండు" అన్నాడు టిహోమిర్. పొయ్యికి అటుపక్కన ఆయన సొంత పీపా, ఆ రెండు చెట్ల తొలి గుజ్జు, తర్వాతి వంతు కోసం నిలబడి ఉంది. దానికేసి ఒకసారి గర్వంగా చూసుకుని తెడ్డు తిప్పడం మొదలుపెట్టాడు.

వుకోసావ ఆవిరి పోకుండా మూత అంచుకు పూయడానికి పిండి కలపాలని వంటింట్లోకి వెళ్లింది. పెరట్లో ముగ్గురు మిగిలారు. బస్సు నడిపి మానేసిన ఒబ్రెన్, రొట్టెల కొట్టు రదిసావ్, తెడ్డు పట్టిన టిహోమిర్. ఒబ్రెన్ నిప్పుల మీద మిరపకాయలు కాలుస్తూ ఊరికే ఉండలేకపోయాడు.

"ప్రొఫెసరూ, తెడ్డు తిప్పడం నీకు కొత్త కదా. చెయ్యి నొప్పెడితే చెప్పు."

"కొత్తా? ఒరే ఒబ్రెన్, పని అంటే ఏమిటో ఈ దేశానికి చెప్పిందెవరు? నా నలభై ఏళ్ల చదువంతా ఒక్క ప్రశ్న. ఎక్కడికి వెళ్లినా ముందు అదే అడిగేవాణ్ణి. 'ఈ పని ఎవరిది?' అంతే. ఆ మాట వినగానే ఎంత పెద్ద సంస్థయినా గడగడలాడేది."

"నువ్వడిగితే మా బస్సు డిపో కూడా గడగడలాడేదంటావా?"

"డిపో దాకా ఎందుకు, బూట్ల ఫ్యాక్టరీ సంగతి విను. అప్పటికి నేను కుర్రాణ్ణి. పరిశోధన అని ఒక ఊరు పంపారు. అక్కడ ఎడమ బూట్లు కుట్టేవాళ్లకీ కుడి బూట్లు కుట్టేవాళ్లకీ మాటల్లేవు. వీళ్లు నలభై రెండో సైజు కుడితే వాళ్లు నలభై నాలుగు. గోదాము నిండా బూట్లే, ఒక్క జత లేదు. ఊరంతా ఒక కాలు బిగుతుగా, ఒక కాలు వదులుగా నడుస్తోంది. ఉండు, చూపిస్తాను, ఈ తెడ్డు ఒక్క నిమిషం పట్టుకో."

ఒబ్రెన్ తెడ్డు అందుకున్నాడు. టిహోమిర్ ఒక కాలు ఈడుస్తూ, ఒక కాలు ఎత్తెత్తి వేస్తూ పెరడంతా తిరిగి చూపించాడు. రదిసావ్ పొట్ట పట్టుకున్నాడు.

"ఏం చేశావు మరి?"

"ఏం చేశాను, రెండు గదుల మధ్య ఒక బల్ల వేయించాను. మధ్యాహ్నం రొట్టె తినడానికి ఇంకెక్కడా చోటు లేకుండా చేశాను. పక్కపక్కన కూర్చుంటే మాట కలవదా? 'జత కలిపే పని ఎవరిది?' అని అడిగాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మర్నాటి నుంచీ జతలే జతలు."

"ఇది నమ్మొచ్చు" అన్నాడు రదిసావ్. "మా కొట్లో కూడా పిండి కలిపేవాడికీ పొయ్యి చూసేవాడికీ పడదు."

నమ్మారు. అక్కడితో ఆగి తెడ్డు తీసుకుని ఉంటే కథ వేరేగా ఉండేది. కానీ నమ్మిన మొహాలు చూస్తే టిహోమిర్‌కు లోపల ఏదో పొంగుతుంది. పాల గిన్నె మీద మూత లేకపోతే ఎలా పొంగుతుందో అలా.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? రైల్వే వాళ్లు పరుగెత్తుకుంటూ వచ్చారు. బోస్నియా కొండల్లో ఒంటి పట్టాల లైను. ఎదురెదురుగా రెండు రైళ్లు ఒకే స్టేషనుకు వచ్చి ఆగిపోయాయి. ఎందుకనుకున్నావు? మర్యాద! ఈ డ్రైవరు 'మీరు ముందు' అంటాడు, ఆ డ్రైవరు 'అబ్బే, మీరే ముందు' అంటాడు."

"డ్రైవర్లు అలా అనరు" అన్నాడు ఒబ్రెన్ పౌరుషంగా. "నా సర్వీసులో ఎదుటివాడికి దారిచ్చింది లేదు. కావాలంటే వాడి అద్దం విరిగి ఉంటుంది గానీ. రదిసావ్, ఇది పట్టుకో, వీడి సంగతి తేల్చాలి." తెడ్డు రదిసావ్ చేతికి పోయింది.

"నువ్వు అనవు, వాళ్లు అన్నారు. నేను వెళ్లేసరికి ఇంజను పొగగొట్టంలో కొంగ గూడు కట్టి పిల్లల్ని పెట్టింది. ఈ రైల్లో పిల్లకీ ఆ రైల్లో పిల్లాడికీ పెళ్లయింది. మూడో పెట్టెలో బడి నడుస్తోంది. నన్ను చూసి ఇన్‌స్పెక్టర్ అనుకుని పిల్లలు లేచి నిలబడి ఎక్కాలు అప్పజెప్పారు!"

"దేవుడా! మరి నువ్వేం చేశావు?"

"రెండు ఇంజన్ల మధ్యన నిలబడి గట్టిగా అడిగాను. 'వెనక్కి తగ్గే పని ఎవరిది?' అంతే. రెండు రైళ్లూ సిగ్గుపడి ఒకేసారి వెనక్కి పోయాయి. ఎంత జోరుగా పోయాయంటే ఒకటి సరాయెవోలో ఆగింది, ఇంకొకటి ఆగిందో లేదో ఇప్పటికీ కబురు లేదు."

రదిసావ్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకోవడానికి తెడ్డును కాగు అంచుకు ఆనించాడు. కళ్లు తుడుచుకున్నాడు. ముక్కు తుడుచుకున్నాడు. మళ్లీ నవ్వొచ్చింది.

వంటింటి కిటికీలోంచి వుకోసావ గొంతు వినిపించింది. "తిప్పుతున్నారా?"

"తిప్పుతున్నాం!" అన్నారు ముగ్గురూ ఒక్కసారే. అబద్ధమాడాలని ఎవరూ అనుకోలేదు. మిగతా ఇద్దరిలో ఎవరో ఒకరు తిప్పుతున్నారని ఒక్కొక్కరూ మనస్ఫూర్తిగా నమ్మారు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" టిహోమిర్ గొంతు తగ్గించాడు. "ఒక సాయంత్రం విశ్వవిద్యాలయంలో నా గది తలుపు ఎవరో తట్టారు. తీశాను. ఎదురుగా సావా నది."

"ఎవరూ?"

"సావా నదిరా! స్లోవేనియా మంచు కొండల నుంచి వస్తుందే, ఆవిడే. మెట్లెక్కి వచ్చింది. కింద అంతస్తు వాళ్ల కార్పెట్లు ఇప్పటికీ ఆరలేదు. కూర్చోమంటే కుర్చీలో పట్టక సగం కారిడార్లోనే ఉండిపోయింది. ఒకటే కన్నీళ్లు. నదికి కన్నీళ్లొస్తే ఎలా ఉంటుందో నీకేం తెలుస్తుంది! 'ప్రొఫెసరు గారూ, ఇంత దూరం నడిచి వస్తున్నానా, బెల్‌గ్రేడ్ కోట దగ్గర డాన్యూబ్ నదిలో కలవగానే నా పేరు పోతోంది. అక్కణ్ణుంచి అందరూ డాన్యూబ్ డాన్యూబ్ అంటున్నారు. ఆ నీళ్లలో నావి లేవా? మీరే న్యాయం చెప్పండి' అంది."

"పాపం, నిజమే కదా" అన్నాడు రదిసావ్, అది నది అన్న సంగతి మరిచిపోయి.

"'అమ్మా, సముద్రం దాకా నీళ్లు మోసే పని ఎవరిది?' అన్నాను. 'ఇద్దరిదీ' అంది. 'వరదొస్తే జనం చేత తిట్లు తినే పని ఎవరిది?' అన్నాను. ఆలోచించింది. 'పేరున్న వాళ్లది' అంది. 'మరి నీకు పేరెందుకమ్మా?' అన్నాను. కిలకిలా నవ్వింది చూడూ, కిటికీ అద్దాలన్నీ తడిసిపోయాయి! 'అయితే పేరు ఆ డాన్యూబ్‌నే ఉంచుకోమనండి' అని అక్కడికక్కడే సంతకం పెట్టింది."

ఒబ్రెన్ మిరపకాయ పట్టుకున్న చేత్తోనే లేచాడు. "ఆగు ఆగు. ఆ రెండు నదులూ మా ముత్తాతలు పుట్టక ముందు నుంచీ కలుస్తున్నాయయ్యా!"

"కలుస్తున్నాయి. కాదన్నానా? అది తాత్కాలిక ఏర్పాటు. ఖాయం చేసింది నేను."

ఇక పెరట్లో నవ్వు ఆగలేదు. రదిసావ్ కట్టెల మోపు మీద వెనక్కి పడిపోయాడు. టిహోమిర్‌కు ఒళ్లు తేలిపోతోంది. నలభై ఏళ్లు తరగతిలో నిద్రపోయే మొహాలు చూసినవాడు. ఇప్పుడు ఇద్దరే అయినా, రెండు జతల కళ్లూ తన నోటి మీదే ఉన్నాయి. నదిని దాటాక ఇక మిగిలింది ఆకాశమే. ఆకాశం చూపించాలంటే పొడుగాటి కర్ర ఏదైనా కావాలి. చుట్టూ చూశాడు. కాగు అంచున తెడ్డు ఆనించి ఉంది. లాగి పైకెత్తాడు. గుజ్జు చుక్కలు నెత్తి మీద పడ్డా లెక్కచేయలేదు.

"ఇంతలో పైనుంచి పిలుపు. ఎందుకంటే, వసంతంలో ప్లమ్ పూత మీద వడగళ్లు పడుతున్నాయా లేదా? ఎవరి తప్పు? ఉరుములు సెయింట్ ఇలియావి. వాన ఇంకొకరిది. వడగళ్లు ఎవరివో పైలోకంలో ఎవరికీ తెలీదు! నేను వెళ్లి దేవదూతలందరి మధ్యా నిలబడి అడిగాను. 'వడగళ్లు ఆపే పని ఎవరిది?' ఒక్కరు నోరెత్తితే ఒట్టు. రెక్కలు సర్దుకోవడం, ఒకళ్ల వెనక ఒకళ్లు దాక్కోవడం. అప్పుడు ఇదిగో ఇలా, ఈ మూల నుంచి ఆ మూలకు గీత గీసి, ఎవరి కింద ఎవరో, ఎవరి పని ఏదో పంచిపెట్టాను." తెడ్డు ఆకాశం మీద బారుగా కదిలింది. "రాత్రిపూట పాలపుంత అని చూస్తుంటారే, అది నేను చెరపడం మరిచిపోయిన గీత!"

"అమ్మ బాబోయ్!"

"అన్నీ అయ్యాక సెయింట్ నికోలా ఒక్కడే మూల కూర్చుని తన కాళ్లు తనే పిసుక్కుంటున్నాడు. పాపం, ఒక్క రోజులో సగం దేశం ఇళ్లకు తిరగాలి ఆయన. ఏ ఇంటికి ముందు వెళ్లాలో తెలియక ఏటా ఆలస్యం. 'స్వామీ, నా మాట విను. మా ఊరు వచ్చి, మొట్టమొదట మా వుకోసావ వదిన గడప తొక్కు' అన్నాను. చెయ్యి మీద చెయ్యి వేసి మాటిచ్చాడు!"

"మొట్టమొదట మా ఇంటికేనా?"

వుకోసావ ఎప్పుడు వచ్చిందో, చేతిలో పిండి ముద్దతో పొయ్యి పక్కన నిలబడి ఉంది.

"మొట్టమొదట నీ ఇంటికే వదినా!"

"వచ్చాడే అనుకో. ఏం తాగుతాడు?"

"ఏం తాగడమేమిటి, నీ చేతి రాకియా!"

"ఏ రాకియా?"

అప్పుడు తగిలింది వాసన. ముందు తియ్యగా, జామ్ కాస్తున్నట్టు. తర్వాత ఘాటుగా. ఒబ్రెన్ రదిసావ్ కేసి చూశాడు. రదిసావ్ ఒబ్రెన్ కేసి చూశాడు. తర్వాత ఇద్దరూ టిహోమిర్ కేసి చూశారు. ఆయన తెడ్డును ఇంకా ఆకాశంలోనే ఎత్తి పట్టుకుని ఉన్నాడు.

వుకోసావ అరవలేదు. పిండి ముద్ద చేతులు మార్చుకుని, తరగతి గదిలో అడిగినంత నిదానంగా అడిగింది.

"ప్రొఫెసరు గారూ, తెడ్డు తిప్పే పని ఎవరిది?"

బూట్ల ఫ్యాక్టరీని, రైళ్లను, నదిని, దేవదూతలను అడిగిన ప్రశ్న. ఇన్నేళ్లలో ఎవరూ దాన్ని ఆయన వైపు తిప్పలేదు. టిహోమిర్ మెల్లగా తెడ్డు దించాడు.

"నాదే వదినా" అన్నాడు.

ఆమె తెడ్డు తీసుకుని కాగు అడుగు గీకింది. నల్లటి పెచ్చులు పైకి తేలాయి. ఒకటి తీసి వాసన చూసి పొయ్యిలో పారేసింది.

"మరీ మాడిపోలేదు. కానీ నా పండక్కి పనికిరాదు. ఈ కాగులో గుజ్జు నీది, కాచుకుని ఇంటికి పట్టుకెళ్లు. నీ పీపా నాది. ఒబ్రెన్, ఆ పీపా ఇటు దొర్లించు. సెయింట్ నికోలాకు కూడా కబురు పెట్టు ప్రొఫెసరూ, ఈసారికి మొట్టమొదట నీ గడపే తొక్కమని. పొగ వాసన ఆయనకు నువ్వే సర్దిచెప్పుకో."

ఒబ్రెన్, రదిసావ్ పెదవులు బిగబట్టుకున్నారు. టిహోమిర్ తన రెండు చెట్ల తొలి గుజ్జు కళ్ల ముందే దొర్లిపోవడం చూశాడు.

"మరి వచ్చే ఏడు నా వంతు?" అన్నాడు, చిన్నగా.

వుకోసావ గడ్డంతో ముక్కాలిపీట చూపించింది.

వెళ్లి కూర్చున్నాడు. మాడిన గుజ్జు మీద మూత పడింది. పిండి పూశారు. గొట్టంలోంచి మొదటి చుక్క రాలింది. అదయ్యాక కాగు కడిగి, ఆయన పీపాలోని గుజ్జు పోశారు. వుకోసావ స్వయంగా తెడ్డు పట్టింది. ఆయన అంతసేపు మాట్లాడకపోవడం చూసి ఒబ్రెన్‌కు కంగారు పుట్టి, కాలిన మిరపకాయ ఒకటి రొట్టెలో పెట్టి చేతికిచ్చాడు.

రొట్టె సగం అయ్యేసరికి ప్రొఫెసరు చూపు పీట కాళ్ల మీద పడింది. ఒకటి, రెండు, మూడు. కళ్లలో ఏదో మెరిసింది. ఓరగా వుకోసావ కేసి చూశాడు.

"వదినా, ఈ పీటకు ఒకప్పుడు రెండే కాళ్లుండేవని నీకు తెలుసా? ఆ మూడో కాలిని ఒప్పించి తీసుకొచ్చింది ఎవరనుకున్నావు?"

వుకోసావ తల తిప్పలేదు. తెడ్డు ఆగలేదు.

"చెప్పు, వింటాను" అంది. "చెవులు ఖాళీగానే ఉన్నాయి. చేతులే ఖాళీ లేవు."