మంచులో వచ్చి సుత్తి కొట్టిన సెనేటర్

సభకు పెద్దగా కూర్చున్న పెటిబోన్ గారికీ, ఈ పూట మా పొగడ్తలు భరించక తప్పని సెనేటర్ వెర్లీన్ స్టాలర్డ్ గారికీ, గని ఊళ్ల నుంచి వచ్చిన పెద్దలకూ, నా ప్రసంగం కన్నా హామ్ బిస్కట్ల మీదే చూపు నిలిపిన వెనక వరస మిత్రులకూ నమస్కారం. (నవ్వులు)

నన్నెందుకు పిలిచారో నాకే ఆశ్చర్యంగా ఉంది! నా పేరు డెస్మండ్ విట్లో, నా ఉద్యోగం అధ్యక్షుడి తరఫున సెనేట్‌లో ఓట్లు కూడగట్టడం. ఆ పనిలో నన్ను చిత్తుగా ఓడించిన మనిషి ఈవిడ, అదీ మా పార్టీలోనే ఉండి!

ఓ డిసెంబరులో, గని కార్మికుల ఊపిరితిత్తుల జబ్బుకు పరిహారమిచ్చే బిల్లు రెండు సభల్లోనూ మూడింట రెండు వంతులకు మించిన ఓట్లతో నెగ్గి మా దగ్గరికొచ్చింది. అధ్యక్షుడికి అది ఇష్టం లేదు. వీటో చేసి తిప్పి పంపితే అదే బలంతో మళ్లీ నెగ్గుతుంది, పరువు పోతుంది. అందుకని సంతకం పెట్టకుండా అట్టిపెట్టుకున్నాం. పది రోజుల గడువులోగా కాంగ్రెస్ వాయిదా పడితే బిల్లు దానంతటదే చస్తుంది. సమావేశాలు సాగుతుంటే సంతకం లేకుండానే చట్టమవుతుంది. పండక్కి అందరూ ఊళ్లకు పోయారు. అలాంటప్పుడు మూడు రోజులకోసారి ఎవరో ఒక సెనేటర్ ఖాళీ సభలో అధ్యక్ష స్థానం బల్ల మీద సుత్తి కొట్టి, సభ సాగుతోందనిపించి వెళ్లడం మా ఆచారం. ఎవరూ కొట్టకపోతే సభ వాయిదా పడ్డట్టే. ఈసారి ఆ వంతు సరిగ్గా గడువు చివరి రోజున పడింది; మోకాలి లోతు మంచు, విమానాలు లేవు. దగ్గర్లో ఉన్నది రాజధాని పక్కనున్న అలెగ్జాండ్రియాలో ఈవిడొక్కరే.

ఈవిడకు కార్మిక మంత్రి పదవి ఇస్తానని అధ్యక్షుడు అప్పటికే మాటిచ్చారు. ఏళ్ల తరబడి కోరుకున్న పదవి. పొద్దున్నే ఫోన్ చేశాను.

"అమ్మా, రోడ్లన్నీ మూసేశారు. ఈ మంచులో బయటికొస్తే కాలు విరుగుతుంది. హాయిగా ఇంట్లో కూర్చోండి."

"ఏమయ్యా డెస్మండ్, నా కాళ్ల మీద ఇంత ప్రేమ ఎప్పట్నుంచి?"

"మంత్రి పదవి సంగతి మర్చిపోయారా?"

"మర్చిపోలేదు. అందుకే కాసేపు ఏడ్చి బయల్దేరుతున్నా. ఫోన్ పెట్టు, బూట్లు తొడుక్కోవాలి."

రోడ్ల మీద ఉప్పు చల్లే లారీ ఎక్కి వచ్చారండీ! సుత్తి కొట్టారు, సభ మొదలైందన్నారు, మళ్లీ కొట్టారు, ముగిసిందన్నారు. అంతే, బిల్లు చట్టమైపోయింది! టీవీ ముందు నేను తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పను, పిల్లలున్నారు. (నవ్వులు)

కొన్ని దేశాల్లో ఇంతటి ఓటమికి ప్రభుత్వమే కూలిపోతుంది. ఇక్కడ ఎవరూ ఇంటికి పోరు! ఆయన కుర్చీలో ఆయన, ఈవిడ కుర్చీలో ఈవిడ. మర్నాడు మళ్లీ ఒకరి గుమ్మం ఒకరు తొక్కాల్సిందే. ఈ ఏర్పాటంటే నాకు ఎంత ముచ్చటో!

పదవి ఇంకొకరికి వెళ్లింది. దానికి సెనేట్ ఒప్పుకోవాలి, మాకు ఒక్క ఓటు తక్కువైంది. ఎవరి గుమ్మం తొక్కానో చెప్పాలా?

"పని తెలిసినవాడేనా?" అన్నారు.

"తెలిసినవాడే అమ్మా."

"ఈ చట్టాన్ని సరిగ్గా అమలు చేస్తాడా?"

"చేస్తాడు."

"మరి నీళ్లు నములుతావేం? వేస్తానులే ఓటు. నాకు రాలేదని గనుల వాళ్లకి మంత్రి లేకుండా చేస్తానా?"

ఆ రోజు ఓటు దొరికిందన్న హడావిడిలో కృతజ్ఞత కూడా చెప్పకుండా పరిగెత్తాను. ఇవాళ చెబుతున్నాను. అమ్మా, మీ చేతిలో ఓడిపోయినందుకు గర్వపడుతున్నాను. ఓపిగ్గా విన్న మీ అందరికీ ధన్యవాదాలు. ఇక నాకు సెలవు.