అవును సార్ అంటే చాలు

తిననంటే ఎలారా లవెల్? ఈ జైల్లో డబ్బులేసే మిషన్లో తీపి బన్ను ఇదొక్కటే మిగిలింది. పక్కావిడ చెయ్యి పెట్టేలోపు నేనే లాక్కున్నాను. అమ్మ మీద కోపం బన్ను మీద చూపిస్తావా?

లాయరమ్మ ఫోన్ చేసి చెప్పింది. రేపు పెరోల్ బోర్డు ముందు తప్పొప్పుకోనన్నావట! పిచ్చా నీకు? ఆ కొట్టాయన్ని తుపాకీతో కాల్చింది నువ్వేనా, బాధపడుతున్నావా అని అడుగుతారు, అంతే కదా. అవును సార్ అంటే చాలు, ఇంటికొచ్చేస్తావు.

ఏంటీ? చెయ్యనిది ఎలా ఒప్పుకోనంటావా? పదిహేనేళ్ళప్పుడు ఒప్పుకోలేదూ?

అదీ నా చలవే. నల్లపిల్లాడివి, పైగా తాడిచెట్టంత ఎదిగావు. పోలీసు ఆపితే జేబులో చేతులు పెట్టకు, ఎదురు మాట్లాడకు, ఏమన్నా 'అవును సార్' అను అని నూరిపోశాను. మా అమ్మ మా అన్నయ్యకి అలాగే చెప్పింది. మన పేటలో ఏ తల్లి చెప్పదు? ప్రాణాలతో ఇల్లు చేరాలనే కదరా!

నువ్వేమో స్టేషన్లో ఆ పోలీసు డిటెక్టివ్ ముందు కూర్చుని... 'కొట్టుకెళ్ళావు కదూ?' అవును సార్. 'కోపమొచ్చింది కదూ?' అవును సార్. 'పేల్చావు కదూ?' అబ్బ! చెప్పిన మాట వినే పిల్లాడే దొరికాడు వాళ్ళకి!

ఆ కొట్టాయన చచ్చిన సాయంత్రం నువ్వు చర్చి వంటింట్లో నా పక్కన గిన్నెలు తోముతున్నావు. తల్లి మాట లెక్కలోకి రాదన్నారు. మరి ఆ సాక్షి చూసిందేమిటి? ఎర్ర టోపీ, నల్ల మొహం. మెంఫిస్‌లో నల్ల మొహాలు కరువా?

నీ కేసు చూసిన జడ్జే, డాక్టరుగారబ్బాయి కారుతో మనిషిని గుద్ది చంపితే 'పాపం, పసివాడు' అన్నాడు. నిన్ను మాత్రం పెద్దవాళ్ళ కోర్టుకి తోలాడు. ఆ పసివాడు తెల్లవాడు మరి! నీకప్పటికి మీసం కూడా రాలేదు. ఇప్పుడు చూడు, తల నెరుస్తోంది.

సరే, అరవను. ఆ గార్డు ఇటే చూస్తున్నాడు.

నాకు నువ్వు కావాలిరా. అబద్ధమైతేనేం? దేవుడికి నేను సర్దిచెప్పుకుంటాను. ఒక్కసారి అను. ఇదిగో, నేనే బోర్డనుకో. 'లవెల్, ఆయన్ని చంపింది నువ్వేనా?'

ఏమన్నావ్?

మళ్ళీ అను.

'కాదు మేడమ్.'

ఓరి నాయనా! కాదనడం నేనెప్పుడూ నేర్పలేదే, ఎక్కడ నేర్చుకున్నావురా? పైగా మేడమ్ ఒకటి! అది మాత్రం వదల్లేదు చూడు.

ఇంకేం చేస్తాను... రేపు అదే అను, గట్టిగా, అందరికీ వినపడేలా. నేను వెనక వరసలో కూర్చుంటాను.

ముందా బన్ను తిను.