జవాబు చెప్పని పెట్టె

నా పేరు కె. సెలీనా. తండ్రి ప్రభుదాస్, వయసు ఇరవై తొమ్మిది, కాపురం మియాపూర్. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నెట్‌వర్క్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. కంపెనీ నెట్‌వర్కును కావాలని పాడుచేశాడని మా టెక్నీషియన్ సాయిలు మీద మేనేజరు విశ్వేశ్వరరావుగారు ఫిర్యాదు ఇచ్చారు. ఆ కేసులో ఎవరూ పిలవకుండా నా అంతట నేనే స్టేషనుకు వచ్చి చెబుతున్నాను.

ఈ 1999 జూన్‌లో రావుగారు కృత్రిమ మేధ ఉన్న సాఫ్ట్‌వేరు కొన్నారు. నెట్‌వర్కులో ఎక్కడ జబ్బు చేసినా అదే కనిపెడుతుందట. మంచిదే. అది కంప్యూటర్లను కలిపే ప్రతి నెట్‌వర్కు పెట్టెనూ "ఎలా ఉన్నావు?" అని అడుగుతుంది, వచ్చిన జవాబులను బట్టి తప్పెక్కడో తేలుస్తుంది. ఈ ప్రశ్నలకూ జవాబులకూ ఇంటర్నెట్ వాళ్లు అందరికీ కలిపి ఒక భాష రాసిపెట్టారు. అది ఎవరి సొత్తూ కాదు. సాయిలు చూసుకునే మూడో అంతస్తు పెట్టెలన్నీ ఆ భాషే మాట్లాడతాయి.

రావుగారు మాత్రం ఒక విదేశీ కంపెనీ పెట్టిన భోజనాలు తిని, సొంత భాష తప్ప ఇంకోటి రాని పెట్టెను తెచ్చి అన్నిటికీ మధ్యలో కూర్చోబెట్టారు. వద్దన్నాను. "నువ్వు నాకు చెప్పేదేంటమ్మా, ఫారిన్ సరుకు" అన్నారు. అది జవాబివ్వదు కాబట్టి సాఫ్ట్‌వేరు రోజూ దానికి ఎర్ర గుర్తు వేసేది. పైవాళ్లు చూస్తే పరువు పోతుందని, ఆ పెట్టెను అడగొద్దు, ఎప్పుడూ బాగున్నట్టే లెక్కవేసుకో అని సాఫ్ట్‌వేరుకు చెప్పించారు. ఛీ, ఇదొక మేధ! చెవులకు బిరడాలు కొట్టి బుర్ర కొన్నాడు మహానుభావుడు.

మొన్న సోమవారం మధ్యాహ్నం నెట్‌వర్కు ఆగిపోయింది. మూడో అంతస్తు పెట్టెలు దారి దొరకడం లేదని ఉన్నది ఉన్నట్టు చెప్పాయి. మధ్య పెట్టె బాగున్నట్టే లెక్క కదా, అందుకని తప్పు మూడో అంతస్తుదేనని సాఫ్ట్‌వేరు తేల్చింది. అక్కడున్నది సాయిలు. రావుగారు అడిగితే, "అవు సార్, లైటు ఎలుగుతలేదని వైరు జర తీసి మళ్ల పెట్టిన" అన్నాడు. ఇంకేముంది, దొంగ దొరికాడు! అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ అన్నట్టు, రావుగారి పెట్టె మాట ఎవరూ ఎత్తలేదు.

నిన్న నేను ఆ పెట్టె పీకేసి, మా పాత పెట్టె పెట్టాను. మూడో అంతస్తులో ఎవరూ చెయ్యి పెట్టకుండానే నెట్‌వర్కు లేచింది. చూసి కూడా రావుగారు ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు. సిగ్గులేని మనిషి.

సాయిలునే ఎందుకు లోపల వేశారని ఎస్సైగారిని అడిగాను. "అడిగినయన్నీ ఒప్పుకున్నడు గద మేడం" అన్నారు. మరి రావుగారి సంగతేమిటన్నాను. "ఆయనేం చెప్పలే" అన్నారు. ఆ సాఫ్ట్‌వేరూ ఈ స్టేషనూ ఒకే బడిలో చదివినట్టున్నాయి.

"రావు సార్ పేరెందుకు, ఒక అధికారి అని రాద్దాం. మీ నౌకరి మీదికి వస్తది" అని కూడా అన్నారు. పోతే పోనీ, పేరు లేకపోతే సంతకం లేదన్నాను. పేరు రాశారు.

ఇదంతా చదివి వినిపించారు. ఇందులో నేను చెప్పని మాట లేదు, చెప్పినదాంట్లో అబద్ధం లేదు. సాయిలు బయటికి వచ్చేదాకా ఈ బల్ల మీంచి లేవనన్నాను. అది కూడా రాయమన్నాను. రాశారు.

సంతకం: కె. సెలీనా